విదేశాల్లో పనిచేస్తున్న అమెరికా సైనికులకు ఉత్తరాలు, ఈమెయిళ్లు: తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఆ దేశపు సైన్యంలోనూ, నౌకాదళంలోనూ, వైమానిక దళంలోనూ పనిచేస్తున్నారు. చదువు కోసం వెళ్లి, 2009లో మొదలై 2016లో కొత్త చేరికలు నిలిచిపోయిన ‘మావ్నీ’ పథకం ద్వారా సైన్యంలో చేరి పౌరసత్వం పొందిన భారతీయులూ ఉన్నారు. ఇలాంటివారిని జర్మనీకో, దక్షిణ కొరియాకో, జపాన్‌కో, కువైట్‌కో పంపినప్పుడు అమెరికాలోని తల్లిదండ్రులకూ, ఆంధ్ర, తెలంగాణల్లోని తాతయ్య, అమ్మమ్మలకూ దాదాపు ఒకే రకమైన సందేహాలు వస్తాయి. వాటికి సమాధానాలు ఇవి.

చిరునామా ఎలా రాయాలి?

మొదటి పంక్తిలో సైనికుడి పూర్తి పేరు రాయాలి. ర్యాంకు కూడా రాస్తే మంచిదే కాని, తప్పనిసరి కాదు. రెండో పంక్తిలో యూనిట్ సంఖ్య లేదా పీఎస్‌సీ (స్థావరంలోని తపాలా కేంద్రం) సంఖ్య, దాని పక్కనే బాక్సు సంఖ్య ఉంటాయి. మూడో పంక్తిలో ఊరి పేరు ఉండవలసిన చోట ఏపీఓ, ఎఫ్‌పీఓ, డీపీఓలలో ఏదో ఒకటి, రాష్ట్రం పేరు ఉండవలసిన చోట ఏఈ, ఏపీ, ఏఏలలో ఒకటి, ఆ తరువాత జిప్ కోడ్ రాస్తారు. ఏపీఓ సైన్యానికీ వైమానిక దళానికీ చెందిన పోస్టాఫీసు, ఎఫ్‌పీఓ నౌకాదళానిది, డీపీఓ రాయబార కార్యాలయాలది. ఏఈ కింద ఐరోపా, పశ్చిమాసియా, ఆఫ్రికా, కెనడాలు వస్తాయి, వాటి జిప్ కోడ్‌లు 09తో మొదలవుతాయి. ఏపీ అంటే పసిఫిక్ ప్రాంతం, అక్కడి కోడ్‌లు 962 నుంచి 966 వరకు ఉంటాయి. ఏఏ అంటే అమెరికా ఖండాల్లోని మిగతా దేశాలు, దాని కోడ్ 340తో మొదలవుతుంది. చిరునామా అంతా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, యంత్రం చదవగలిగేంత స్పష్టంగా ఉండాలి. కవరు మీద పంపేవారి చిరునామా కూడా తప్పక ఉండాలి, ఎందుకంటే సైనికుడు మరో చోటికి మారిపోతే ఆ ఉత్తరం తిరిగి చేరవలసిన చోటు అదే.

ఆ స్థావరం ఉన్న ఊరి పేరు, దేశం పేరు రాస్తే ఇంకా త్వరగా చేరదా?

చేరదు సరికదా, దారి తప్పే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి పంపేటప్పుడు కవరు మీద ‘జర్మనీ’ అనో ‘కువైట్’ అనో కనిపిస్తే, అది సైనిక తపాలాలోకి కాకుండా ఆ దేశపు సాధారణ తపాలాలోకి వెళ్లిపోవచ్చు. అక్కడి పోస్ట్‌మ్యాన్‌కు బాక్సు సంఖ్యతో పని లేదు. సైనిక తపాలా నడిచే తీరు వేరు. అమెరికా తపాలా శాఖ ఆ ఉత్తరాన్ని దేశం లోపలి ఉత్తరంగానే లెక్కగట్టి, షికాగోలోని అంతర్జాతీయ తపాలా కేంద్రం దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి విదేశీ స్థావరానికి చేర్చే బాధ్యత 1980లో ఏర్పడిన సైనిక తపాలా సంస్థది. యూనిట్ ఎక్కడ ఉందో ఆ సంస్థకు తెలుసు, కవరు మీద మనం చెప్పవలసిన అవసరం లేదు. చెప్పకపోవడం భద్రతకు కూడా మంచిదే.

ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా? ఇంట్లో పిలిచే పేరు రాయవచ్చా?

తెలుగువారి ఉత్తరాలు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఇక్కడే కనుక ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా సమాధానం చెప్పాలి. సైన్యం రికార్డులో పేరు ఏ వరుసలో ఉందో కవరు మీద కూడా అదే వరుసలో ఉండాలి. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంతో సరిపెడతాం. అమెరికా రికార్డులో అదే పేరు పూర్తి రూపంలో చివర ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అనే మూడక్షరాలు పడతాయి. అలా వెళ్లినవారు పౌరసత్వం తీసుకునేటప్పుడు పేరును మార్చుకుని ఉండవచ్చు. కాబట్టి, పాత సర్టిఫికెట్లు చూసి రాయకుండా, యూనిఫాం మీది పట్టీ మీద ఏ పేరు ఉందో, పూర్తి పేరు రికార్డులో ఎలా ఉందో ఆ అబ్బాయినో అమ్మాయినో అడిగి, ఇంగ్లీషు అక్షరాలతో సహా రాసుకోవాలి. బుజ్జి, చిన్ని, నాని అన్న పిలుపులు కవరు లోపల ఎన్నైనా ఉండవచ్చు, బయట మాత్రం కనిపించకూడదు.

పేరు విషయంలో ఇంత పట్టింపు ఎందుకన్నది చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 1945లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరంలో, ఐరోపాలోని అమెరికా సైనికులకు చేరవలసిన ఉత్తరాలూ పార్సిళ్లూ గిడ్డంగుల నిండా పేరుకుపోయాయి. వాటిని సరిచేయడానికి మేజర్ ఛారిటీ ఆడమ్స్ నాయకత్వంలో 6888వ సెంట్రల్ పోస్టల్ డైరెక్టరీ బెటాలియన్ అనే నల్లజాతి మహిళల దళాన్ని పంపారు. ఒక్క రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే 7,500 మంది ఉండగా, సుమారు 70 లక్షల కార్డుల సూచిక తయారుచేసి, సైనిక సంఖ్య ఆధారంగా ఎవరి ఉత్తరం వారికి విడదీసి, ఆరు నెలలు పడుతుందనుకున్న పనిని వారు మూడు నెలల్లో పూర్తిచేశారు. సగం పేరో ముద్దుపేరో మాత్రమే ఉన్న కవర్లు కూడా ఆ గుట్టల్లో ఎన్నో ఉన్నాయి. ఈనాడు అలాంటి కవరు కోసం అంత శ్రమ పడే దళం ఏదీ లేదు. అది తిరిగి వచ్చేస్తుంది.

ఎంత ఖర్చవుతుంది? ఎన్ని రోజులు పడుతుంది?

అమెరికా నుంచి పంపితే దేశం లోపలి రేటే వర్తిస్తుంది. డాలస్ నుంచి షికాగోకు వేసే ఉత్తరానికి ఎంత స్టాంపు అంటిస్తామో, కొరియాలోని స్థావరానికీ అంతే. పార్సిళ్లకైతే సైనిక చిరునామాలకు మాత్రమే కాస్త తగ్గింపు ధరతో ఒక పెద్ద ఫ్లాట్ రేట్ (బరువును బట్టి మారని ఒకే ధర) పెట్టె ఉంది, పోస్టాఫీసులో ఖాళీ పెట్టెను ఉచితంగానే ఇస్తారు. యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోట ఉన్న సైనికులు ఇంటికి రాసే ఉత్తరాలకు స్టాంపు అక్కరలేదు, దాని స్థానంలో ‘ఫ్రీ మెయిల్’ అని స్వహస్తంతో రాస్తే చాలు. ఈ సౌకర్యం వారికే గాని, ఇంటి నుంచి రాసేవారికి లేదు.

ఉత్తరం చేరడానికి వారం పది రోజుల నుంచి మూడు వారాల దాకా పట్టవచ్చు. సముద్రంలో ఉన్న నౌకకైతే అది రేవుకు చేరేదాకా, లేదా సరుకుల నౌక వచ్చి కలిసేదాకా ఆగాలి. సంక్రాంతికి అందాలనుకునే పార్సిల్‌ను డిసెంబరు మొదటి వారంలోనే వేయడం మంచిది. క్రిస్మస్ రద్దీ వల్ల అప్పటికే ఆలస్యాలు మొదలవుతాయి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి నేరుగా పంపవచ్చా?

ఉత్తరాలు పంపవచ్చు. భారత తపాలా ద్వారా పంపేటప్పుడు చిరునామా చివర దేశం పేరుగా ‘యూఎస్ఏ’ అని రాయాలి, అంతర్జాతీయ రేటు కట్టాలి. ఉత్తరం ముందు అమెరికా చేరి, అక్కడి నుంచి సైనిక తపాలాలో కలుస్తుంది కనుక ఆలస్యం మరికొంత ఎక్కువే. ఏపీ అనే రెండక్షరాలు చూసి మన కౌంటరులో ఆంధ్రప్రదేశ్ అనుకున్నా ఆశ్చర్యపోనక్కరలేదు, కాబట్టి దేశం పేరును పెద్దగా, కింద గీతగీసి రాయండి. పార్సిళ్ల సంగతి మాత్రం వేరు. ప్రైవేటు కొరియర్లు ఏపీఓ బాక్సులకు అందించలేవు, ఆ పెట్టెల్లోకి చేరేది అమెరికా తపాలా శాఖ ద్వారా వచ్చినవే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాల నిబంధనలు మారినప్పుడు భారత తపాలా అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం కొంతకాలం ఆపి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. ఇలాంటి మార్పులు ముందుగా తెలియవు. అమెరికాలో ఉన్న బంధువుల ఇంటికి వస్తువులు చేర్చి, అక్కడి నుంచి వారి చేత మళ్లీ పోస్టు చేయించడమే నిక్కమైన మార్గం.

తెలుగులో రాయవచ్చా? ఎవరైనా విప్పి చదువుతారా?

నిరభ్యంతరంగా తెలుగులో రాయవచ్చు. సెన్సారు భయం చాలామందికి పాత యుద్ధాల నుంచి మిగిలినది. 1914 నుంచి ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సిపాయిల ఉత్తరాలను బ్రిటిష్ సెన్సారు అధికారులు చదివి, వాటిలో కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి మార్పించి నివేదికలుగా దాచారు. ఆ సిపాయిల మాటలు ఈనాటి చరిత్రకారులకు అందుబాటులో ఉన్నాయంటే కారణం, విచిత్రంగా, ఆ నిఘానే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల ఉత్తరాలను కూడా వారి యూనిట్ అధికారులే చదివి, చోటు, తేదీ వంటివి కత్తిరించేవారు. ఇప్పుడు అలాంటి సాధారణ సెన్సారు లేదు. పార్సిళ్లను మాత్రం కస్టమ్స్ వారు విప్పి చూడవచ్చు.

ఈమెయిల్, వీడియో కాల్ ఉండగా కాగితం మీద రాయడం ఎందుకు?

రెండింటి పనులు వేరు. సమాధానం కావలసిన విషయాలకు ఈమెయిల్ సరైనది: బ్యాంకు కాగితం, వీసా తేదీ, చెల్లి పెళ్లి ముహూర్తం వంటివి. ఉత్తరం సమాధానం అడగదు. పన్నెండు గంటల డ్యూటీ తరువాత ఈమెయిల్ పెట్టెలో ‘ఎందుకు జవాబివ్వలేదు’ అన్న నాలుగు సందేశాలు చూసిన మనిషికి అవి మరో నాలుగు పనులుగా కనిపిస్తాయి. జేబులో పెట్టుకున్న ఉత్తరాన్ని నెట్ లేని చోట కూడా విప్పుకోవచ్చు, రెండోసారి చదువుకోవచ్చు. నాయనమ్మ చేతిరాత దానిలో ఉంటే దాని విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

సైన్యాలు కూడా ఉత్తరాన్ని ఎప్పుడూ చిన్న విషయంగా చూడలేదు. 1942 జూన్ నుంచి 1945 నవంబరు దాకా నడిచిన ‘వీ-మెయిల్’ పద్ధతిలో ఉత్తరాలను చిన్న ఫిల్ము మీదికి ఫొటో తీసి, విమానంలో పంపి, అవతల మళ్లీ కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారు. 37 సంచులు పట్టే లక్షన్నర ఉత్తరాలు దానివల్ల ఒక్క సంచిలో ఇమిడాయి. ఆయుధాలకూ మందులకూ చోటు చాలని రోజుల్లో ఉత్తరాలను ఆపేయకుండా, వాటిని చిన్నవి చేసే దారి వెతికారు.

ఉత్తరంలో ఏం రాయాలి?

మామూలు సంగతులు రాయండి. మామిడి పూత ఎలా ఉంది, పక్కింటివారు కట్టిస్తున్న మేడ ఎందాకా వచ్చింది, ఏ బాబాయికి ఎవరితో మాటలు లేవు, ఈసారి చింతకాయ పచ్చడిలో ఉప్పు ఎందుకు ఎక్కువైంది: దూరంగా ఉన్నవారికి ఇల్లు కళ్లముందు నిలిచేది ఇలాంటి వివరాలతోనే. ‘ఎప్పుడు వస్తావు’, ‘మాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు’ అన్న మాటలు ఒకసారి రాస్తే ప్రేమ, ప్రతి ఉత్తరంలోనూ రాస్తే బరువు. అలాగని కష్టాలన్నీ దాచిపెట్టడం కూడా మంచిది కాదు, ఎందుకంటే నాన్నకు ఆపరేషన్ జరిగిన సంగతి మూడు నెలల తరువాత మరొకరి వాట్సాప్ ద్వారా తెలిస్తే, ఆ తరువాత మీరు ‘అందరం బాగున్నాం’ అని రాసిన ఏ మాటనూ వారు నమ్మరు. విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పి, ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో, ఎవరు చూసుకుంటున్నారో కూడా అదే ఉత్తరంలో చెప్పండి.

ఒక చిన్న సూచన: ప్రతి ఉత్తరానికీ వరుస సంఖ్య వేయండి. సైనిక తపాలాలో మూడో ఉత్తరం కన్నా అయిదో ఉత్తరం ముందు చేరడం మామూలే. సంఖ్య ఉంటే ఏది ముందు చదవాలో, మధ్యలో ఏది రాలేదో వారికి తెలుస్తుంది.

ఏ విషయాలు రాయకూడదు, ఎక్కడా చెప్పకూడదు?

యూనిట్ కదలిక, బయలుదేరే తేదీ, తిరిగి వచ్చే తేదీ, ఉన్న చోటు, ఎంతమంది ఉన్నారన్నది: వీటిని ఈమెయిల్‌లో గానీ, కుటుంబ వాట్సాప్ బృందంలో గానీ, ఫేస్‌బుక్‌లో గానీ పెట్టకూడదు. కవరులోని ఉత్తరం కన్నా అసలు ప్రమాదం వాట్సాప్ బృందాలతోనే, ఎందుకంటే నూటయాభై మంది చుట్టాలున్న బృందంలో పెట్టిన ఫొటో సాయంత్రానికి ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక్కో ముక్క విడిగా చూస్తే హాని లేనట్టే ఉంటుంది. అయితే, పరుగు పెట్టేవారి దారులను నమోదుచేసే స్ట్రావా అనే యాప్ 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో, ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాల ఆకారాలే వెలుగు గీతలుగా కనిపిస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో, సైనిక చర్యలు జరిగే ప్రాంతాల్లో ఫోన్లూ వాచీలూ ఉన్న చోటును నమోదుచేసే సదుపాయాన్ని వాడకూడదని అమెరికా రక్షణ శాఖ నిషేధించింది. ‘మా అబ్బాయి ఫలానా రోజు ఫలానా విమానాశ్రయంలో దిగుతున్నాడు’ అని గర్వంగా రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ ఈమెయిల్ చిరునామాకు రాయాలి?

సొంత చిరునామాకే రాయండి. ‘డాట్ మిల్’తో ముగిసే అధికారిక చిరునామా ప్రభుత్వ వ్యవస్థలో ఉంటుంది, దాని మీద పర్యవేక్షణ ఉంటుందని వాడేవారికి ముందే చెబుతారు. ఇంటి గొడవలకూ, ఆస్తి సంగతులకూ అది చోటు కాదు. పెద్ద ఫొటోలు, వీడియోలు జతచేసిన ఈమెయిళ్లు నౌకల మీద తెరుచుకోవడమే కష్టం. ఫొటోలను చిన్నవి చేసి ఒకటి రెండు మాత్రమే పంపండి, మిగతావి అచ్చు వేయించి కవరులో పెట్టండి.

రోజుల తరబడి జవాబు రాకపోతే ఏమనుకోవాలి?

చాలాసార్లు ఏమీ అనుకోనక్కరలేదు. శిక్షణలో ఉండవచ్చు, నౌక సంకేతాలు ఆపి ఉండవచ్చు, జలాంతర్గామి అయితే వారాల తరబడి మౌనం సహజమే. ఎవరైనా గాయపడినప్పుడో మరణించినప్పుడో, ఆ కుటుంబానికి అధికారికంగా తెలిపేదాకా స్థావరం మొత్తానికీ ఇంటర్నెట్, ఫోను ఆపేస్తారు. నౌకాదళంలో ఇలాంటి నిలుపుదలను ‘రివర్ సిటీ’ అంటారు. మరణ వార్తను సైన్యం ఈమెయిల్‌లోనో సందేశంలోనో పంపదు, దగ్గరి బంధువుల ఇంటికి అధికారులే స్వయంగా వస్తారు. కాబట్టి మౌనాన్ని చెడు వార్తగా చదవవద్దు.

పార్సిల్‌లో ఆవకాయ, సున్నుండలు పంపవచ్చా?

సున్నుండలు, జంతికలు, కారప్పూస, కరివేపాకు పొడి వంటి నిల్వ పదార్థాలు చక్కగా చేరతాయి. ఆవకాయకు అసలు శత్రువు నూనె. సీసా మూతకు టేపు చుట్టి, రెండు పొరల ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పెట్టెలో కదలకుండా బిగించకపోతే అది మీ పార్సిల్‌నే కాదు, పక్కవారి ఉత్తరాలనూ పాడుచేస్తుంది. పోస్టాఫీసు అలాంటి పార్సిల్‌ను ఆపేయగలదు. నా మటుకు నేను పచ్చడి కన్నా పొడులనే పంపమంటాను. చాక్లెట్లు వేసవిలో గల్ఫ్ చిరునామాలకు పంపడం వృథా.

కొన్నింటిని అసలు పంపకూడదు. మద్యం, ఈ-సిగరెట్లు, అశ్లీల సామగ్రి నిషిద్ధం. పంది మాంసంతో చేసినవి పశ్చిమాసియాలోని చాలా చిరునామాలకు వెళ్లవు. కోడి పచ్చడి, ఎండుచేపల వంటి వాటికి కూడా కొన్ని జిప్ కోడ్‌లలో ఆంక్షలున్నాయి. ప్రతి కోడ్‌కు వేరే నియమాలు ఉండడంతో, పెట్టె కట్టే ముందే అమెరికా తపాలా శాఖ పట్టికలో చూసుకోవాలి. ఒకరికి రాసిన మందును మరొకరు పోస్టులో పంపడం చట్టవిరుద్ధం. కుంకుమ, విభూతి పంపాలనుకుంటే చీటీ అంటించిన దుకాణపు పొట్లాన్నే పంపండి, ఏమీ రాయని తెల్లపొడి పొట్లం 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిముల పొడిని కవర్లలో పెట్టి పంపిన ఘటనల తరువాత ఏ పోస్టాఫీసులోనైనా గగ్గోలు పుట్టిస్తుంది.

మనవారికి తట్టని ప్రమాదం గసగసాలది. మసాలాల్లో, కూరల్లో మనం వాడే ఈ గింజలు మూత్ర పరీక్షలో మత్తుమందు ఆనవాళ్లు చూపించవచ్చన్న కారణంతో, వాటిని తినవద్దని అమెరికా రక్షణ శాఖ 2023 ఫిబ్రవరిలో సైనికులందరికీ సూచించింది. పరీక్షలో దొరికితే ఉద్యోగానికే ముప్పు. అందువల్ల ఇంట్లో కొట్టిన గరం మసాలాలో గసగసాలు లేకుండా చూసుకోండి. ఏమేం కలిపారో తెలియని లేహ్యాలు, బలానికి వాడే పొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

వస్తువులు ఉన్న పార్సిల్‌కు కస్టమ్స్ ఫారం నింపాలి. ‘తినుబండారాలు’ అని ఒక్క మాట రాయకుండా, వేయించిన బియ్యప్పిండి చిరుతిళ్లు, పప్పు లడ్డూలు అంటూ ఇంగ్లీషులో విడివిడిగా, బరువుతోనూ విలువతోనూ రాస్తే ఆలస్యం తగ్గుతుంది.

పరిచయం లేని సైనికులకు కూడా రాయవచ్చా?

‘ఏ సైనికుడికైనా’ అని రాసి పోస్టు చేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. 2001లో ఆంత్రాక్స్ ఘటనల తరువాత రక్షణ శాఖ దాన్ని రద్దుచేసింది. ఇప్పుడు పేరు లేని ఉత్తరాలను తీసుకోరు. పిల్లల బడి తరఫున రాయించాలనుకుంటే, తెలిసిన సైనికుడి పేరున ఒకే పెట్టె పంపి, తోటివారికి పంచమనడం మేలు.

ఫేస్‌బుక్‌లో పరిచయమైన ‘అమెరికా సైనికుడు’ డబ్బు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. సెలవు మంజూరుకు రుసుము, ఇంటికి రావడానికి విమాన ఖర్చు, సురక్షితమైన ఫోను, బంగారం ఉన్న పెట్టెకు కస్టమ్స్ సుంకం: ఇవన్నీ మోసగాళ్లు వాడే కథలు. సెలవు కోసం సైనికుడు గాని, అతని స్నేహితులు గాని ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. ఫొటోలు నిజమైన సైనికులవే అయి ఉంటాయి, దొంగిలించినవి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉన్నవారు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నేరాల సహాయ నంబరుకు ఫోన్ చేయాలి.

ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఎలా తెలియజేయాలి?

ఈమెయిల్ మీద ఆధారపడకండి. అమెరికా రెడ్ క్రాస్ వారి 1-877-272-7337 నంబరుకు అమెరికాలో ఉన్న బంధువు ఫోన్ చేసి, సైనికుడి రికార్డు పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ వివరాలతో పాటు, ఆసుపత్రి పేరు, వైద్యుడి ఫోన్ నంబరు ఇవ్వాలి. రెడ్ క్రాస్ విషయాన్ని నిర్ధారించుకుని కమాండర్‌కు చేరుస్తుంది. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది కమాండర్ నిర్ణయం, కాని నిర్ధారణ చేసిన సందేశం లేకుండా ఆ నిర్ణయం ముందుకు కదలడం కష్టం. రోగి నెల్లూరులోనో వరంగల్‌లోనో ఉంటే వైద్యుడు ఇంగ్లీషులో మాట్లాడగల సమయాన్ని కూడా ముందే చెప్పి ఉంచండి.

భారత సైన్యంలో ఉన్నవారికి కూడా ఇవే పద్ధతులా?

కావు, కాని ఆలోచన ఒకటే. మన సైనికుల చిరునామాలో యూనిట్ పేరు తరువాత ‘కేరాఫ్ 56 ఏపీఓ’ లేదా ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అని ఉంటుంది, పిన్ కోడ్ 9తో మొదలవుతుంది. 56 ఏపీఓ ఢిల్లీ కేంద్రంగా, 99 ఏపీఓ కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తాయి. ఈ పనిచూసే ఆర్మీ పోస్టల్ సర్వీస్ 1972 మార్చి 1న ప్రత్యేక దళంగా ఏర్పడింది. కొరియా, కాంగో, గాజాలకు మన దళాలు వెళ్లిన రోజుల్లో వారి కోసం భారత స్టాంపుల మీద ప్రత్యేకంగా అక్షరాలు ముద్రించి ఇచ్చారు, స్టాంపులు సేకరించేవారు వాటిని ఇప్పటికీ వెతుకుతుంటారు. 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తొలగించమని భారత సైన్యం ఆదేశించింది కనుక, మన జవాన్లకు వాటిలో సందేశాలు పంపి జవాబు కోసం ఎదురుచూడవద్దు.

తిరిగి వచ్చే సమయం దగ్గరపడితే ఉత్తరాలు ఎప్పుడు ఆపాలి?

పార్సిళ్లను సుమారు నెలన్నర ముందు, ఉత్తరాలను నెల ముందు ఆపడం మంచిది. తేదీ వారు చెప్పకపోయినా, ‘ఇక పెట్టెలు పంపవద్దు’ అని మాత్రం చెప్పగలరు, ఆ మాట అందగానే ఆపేయండి. ఆలస్యంగా చేరినవాటిని కొత్త చిరునామాకు మళ్లిస్తారు, అయితే అవి మరికొన్ని వారాలు తిరిగి తిరిగి రావచ్చు కనుక పాడయ్యే పదార్థాలు వాటిలో ఉండకూడదు.